బాపు తుడిచిన క్యూ కర్ర

నాతో పాటు పదిహేనేళ్లు పనిచేసిన లెక్కల టీచరు సరోజ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుందని తెలిసి, మొన్న ఎండాకాలం కరీంనగర్ నుంచి మెట్‌పల్లి వెళ్లాను. బస్టాండు వెనక సందులో, మందుల దుకాణం మీద రెండో అంతస్తులో ఉంటుంది ఆమె. మోకాళ్లు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే మొదటి అంతస్తులో తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల నుంచి ఠక్కుమని ఒక చప్పుడు వినిపించింది. నున్నటి గట్టి బంతి మరో బంతిని తాకిన చప్పుడు. ఆ చప్పుడు విని నలభై ఏళ్లు దాటింది. అయినా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. తొంగి చూస్తే ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లలు మూడు, వాటి చుట్టూ కాలేజీ పిల్లలు. కిటికీ పక్కన గోడకు పది పన్నెండు క్యూ కర్రలు ఏటవాలుగా ఆనించి ఉన్నాయి. పడమటి ఎండ నేరుగా వాటి మీదే పడుతోంది.

లోపలికి వెళ్లి ఒకటి చేతిలోకి తీసుకున్నాను. చెమట, దుమ్ము కలిసి జిగురు పట్టింది. నా చేతిసంచిలో ఉన్న రుమాలు తీసి, ఎవరినీ అడగకుండానే తుడవడం మొదలుపెట్టాను. ఆ బిలియర్డ్స్ పార్లర్ నడిపే అబ్బాయి, ఇరవై ఐదేళ్లుంటాయేమో, కుర్చీలోంచి లేచి వచ్చాడు.

“ఎవర్నన్న ఎతుకుతున్నరా మేడం?”

“గివి గోడకెందుకు ఆనిచ్చినవ్ బాబూ? ఎండల వెడితె వంగుతయ్. పండవెట్టాలె.”

“వంగితె ఇంకోటి తెప్పిస్త మేడం. ఆన్‌లైన్ల రెండు రోజుల్ల వస్తది,” అని నవ్వాడు. తర్వాత నా చేతుల వైపు చూసి, “మీకు ఆట వస్తదా?” అన్నాడు.

“ఆట రాదు. తుడుసుడు వస్తది,” అన్నాను.

ఆ పూట సరోజ పక్కన కూర్చుని డాక్టర్ల గురించి ఆమె చెప్పిందంతా విన్నాను, కానీ ఒక్క ముక్కా గుర్తు లేదు. రుమాలుకు అంటిన నీలిరంగు సుద్దపొడిని వేలితో రుద్దుతూ కూర్చున్నాను.

మా ఇంట్లో నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. బాపు పేరు దానియేలు. మాది చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డు పల్లె. మా తాతల కాలంలో క్రైస్తవ మిషను సంఘంలో కలిసిన కుటుంబం, కూలి చేసుకుని బతికిన కుటుంబం. బాపు పెళ్లయిన కొత్తలోనే బొగ్గుగని పనికి వచ్చాడు. గనిని మా వైపు బాయి అంటారు. బాయిలో బొగ్గు నింపే పనిలో ఉండగా ఒకరోజు బొగ్గు టబ్బు పట్టాల మీంచి జారి ఆయన ఎడమ పాదం మీద పడింది. పాదం నిలిచింది కానీ ముందులా లేదు. కిందికి దిగలేడని తేలాక కంపెనీ ఆయన్ను ఆఫీసర్ల క్లబ్బులో వేసింది. క్లబ్బులో ఒక పెద్ద గదిలో బిలియర్డ్స్ బల్ల ఉండేది. కాలనీలో అందరూ దాన్ని గోటీల బంగ్ల, అంటే గోలీల బంగళా, అనేవాళ్లు. బల్ల గుడ్డ బ్రష్షుతో దువ్వడం, బంతులు తుడిచి పేర్చడం, ఆడేవాళ్ల పాయింట్లు చెప్పడం, క్యూ కర్రలు కాపాడడం బాపు పని. ఇంగ్లీషు ఒక్క ముక్క చదవలేని మనిషి ఆ అంకెలు మాత్రం ఆఫీసర్లకంటే ముందే చెప్పేవాడట.

బాపు చేతుల గురించి చెప్పాలి. బాయి వదిలి ఏళ్లయినా గోళ్ల కింద బొగ్గు నలుపు పోలేదు. రోజూ పొద్దున వాకిట్లో కూర్చుని అగ్గిపుల్లతో గోళ్లు గీక్కునేవాడు. సబ్బుతో రెండుసార్లు కడిగి, పొడిగుడ్డతో తుడుచుకుని, అరచేతులు వాసన చూసుకుని అప్పుడు క్లబ్బుకు బయలుదేరేవాడు. క్యూను మేం పొరపాటున కట్టె అంటే ఆయనకు కోపం. “కట్టె అంటె పొయ్యిల వెట్టేది. గిది పాణమున్న వస్తువు. వానకు ఉబ్బుతది, ఎండకు ఎండుతది. మనిషి లెక్కనే,” అనేవాడు. రిపేరుకు వచ్చిన క్యూలను ఆదివారం ఇంటికి తెచ్చేవాడు. మా రెండు గదుల క్వార్టరులో బొగ్గుల పొయ్యి పొగ, పెరట్లో ఉతికిన బట్టల సోడా వాసన, వాటి మీద అవిసె నూనె వాసన. పాత ధాన్యం గదిలో చేప ముక్క మరిచిపోతే ఎలా ఉంటుందో అలాంటి వాసన అది. మొదట్లో వాకిట్లోకి పారిపోయేదాన్ని. తర్వాత ఆదివారం అంటే అదే గుర్తొచ్చేది.

పని ఒక వరసలో జరిగేది. ముందు ఒక మెత్తటి గుడ్డ, అవ్వ పాత వాయిల్ చీర ముక్క, నీళ్లలో ముంచి నీటిచుక్క రాలనంతగా పిండాలి. దానితో కొన నుంచి మొదలు దాకా ఒక్కసారే తుడవాలి. ఆ వెంటనే పొడిగుడ్డతో గట్టిగా రుద్దాలి. తడి కర్రలోకి దిగేలోపు ఆరిపోవాలి. కొనకు ఉండే ఇత్తడి పొన్ను దగ్గర సుద్దపొడి పేరుకుంటుంది, దాన్ని గోటితో గీకకూడదు, గుడ్డతో తీయాలి. కొనమీద అతికించిన తోలుబిళ్ల చదునైపోతే సన్న ఆకురాయితో గుండ్రం చేయాలి. వానలు వెనకపట్టాక ఒకసారి, ఎండలు ముదరకముందు ఒకసారి నూనె పట్టించాలి. నాలుగు చుక్కలు చాలు. అరచేయి వేడెక్కేదాకా రుద్దాలి. ఒక రాత్రి పండబెట్టి పొద్దున గుడ్డకు జిడ్డు అంటనంత వరకూ తుడవాలి. ఆ నూనె రుద్దే పని నాది. పార పట్టి కాయలు కాచిన తన అరచేయి కర్రను గీస్తుందని బాపు భయం. “నీ చెయ్యి మెత్తగున్నది బిడ్డా, నువ్వు పట్టు,” అనేవాడు. లేత గోధుమ రంగు కర్ర మీద బాణం మొనల్లాంటి గీతలు నూనె తాగి ఒక్కొక్కటే పైకి తేలుతుంటే ఆయన ముఖం చూడాలి. అవ్వ మాత్రం పొయ్యి దగ్గర నుంచే, “గుడికాడ వాక్యం ఇని వచ్చి గీ కట్టెకు అభిషేకం జేస్తుండు. బిడ్డ నెత్తికి మాత్రం నూనె సుక్క లేదు,” అని గొణిగేది. చర్చిని మేం గుడి అనే అంటాం. అవ్వ పేరు రూతమ్మ. బాపును ఎదిరించి మాట్లాడగల ఒకే మనిషి.

అన్న ప్రభుదాసు నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఐటీఐ చదివి పని దొరక్క ఇంట్లో ఉన్న రోజుల్లో, బాపు కాలి నొప్పి ఎక్కువైతే క్లబ్బుకు తోడు వెళ్లేవాడు. ఒక మధ్యాహ్నం సర్వే ఆఫీసరు సేన్ సాబ్‌కు ఆడడానికి జత దొరకలేదు. ఊరికే నిలబడ్డ అన్న చేతికి క్యూ ఇచ్చాడు. ఆ మొదటి రోజు ఏం జరిగిందో బాపు మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అన్న చెప్పులు గుమ్మం బయట విడిచి, బల్ల చుట్టూ ఒకసారి నడిచి, వంగి, ఎర్రబంతిని చప్పుడు లేకుండా మూలకు పంపాడట. రెండేళ్లయ్యేసరికి ఆ క్లబ్బులో అన్నను ఓడించే ఆఫీసరు లేడు. కార్మికుల పిల్లలు క్లబ్బు మెట్లెక్కకూడదన్న పద్ధతి అన్న ఒక్కడి విషయంలో అందరూ మరిచిపోయినట్టు నటించారు. బయటి నుంచి అతిథులు వస్తే పిలిపించి ఆడించేవాళ్లు. ఆట అయ్యాక వాళ్లు పక్క గదిలో భోజనానికి కూర్చుంటే, అన్న బాపుతో కలిసి బల్ల మీద గుడ్డ కప్పి ఇంటికి వచ్చి తినేవాడు.

సేన్ సాబ్‌కు ధన్‌బాద్ బదిలీ అయినప్పుడు తన సొంత క్యూ అన్నకు ఇచ్చి వెళ్లాడు. ఆయన తండ్రి కలకత్తాలో కొన్నదట. హైదరాబాదులో రాష్ట్ర జట్టుకు మనుషుల్ని ఎంచే పోటీలు పెట్టే పెద్దలకు అన్న గురించి చెప్పాననీ, కబురు వస్తుందనీ, రాగానే వెళ్లమనీ చెప్పాడు. క్యూ ఇంటికి వచ్చిన రోజు బాపు ట్రంకుపెట్టె పైన గోడకు రెండు కొయ్యమేకులు కొట్టి, వాటికి గుడ్డ చుట్టి, దాన్ని పడుకోబెట్టాడు. మా ఇంట్లో మాకెవ్వరికీ సొంత చోటు లేదు. అన్న వరండాలో, నేనూ అవ్వా వంటింట్లో పడుకునేవాళ్లం. ఆ క్యూకు మాత్రం సొంత చోటు ఉండేది.

కబురు రాకముందే ఇంకో మాట వచ్చింది. బాపుకు రిటైరయ్యే రోజు దగ్గరపడింది. ఆ రోజుల్లో పనిచేసే మనిషి ఒంట్లో బాగాలేక ముందే అన్‌ఫిట్ అయితే కొడుక్కు నౌకరి ఇచ్చే పద్ధతి ఉండేది. రిటైరు దాకా ఆగితే అదీ ఉండదు, క్వార్టరూ ఉండదు. అదే నెలలో నాకు కరీంనగర్‌లో టీచరు ట్రైనింగు సీటు వచ్చింది. ఒక సాయంత్రం నలుగురం అన్నానికి కూర్చున్నప్పుడు బాపు ఎవరి ముఖమూ చూడకుండా మొదలుపెట్టాడు.

“నా కాలు డాక్టర్లు సూసిండ్రు. మెడికల్ బోర్డుకు పోతె అన్‌ఫిట్ రాస్తరట. ఇప్పుడు గాకపోతె మల్ల గాదు.”

అన్న ముద్ద నోట్లో పెట్టుకోలేదు. “ఒక్క ఏడాది ఆగు బాపు. ఐద్రాబాద్ నుంచి కబురొస్తదని సేన్ సాబ్ చెప్పిండు గదా.”

“వస్తె పో. ఆడు. ఎవలద్దన్నరు? నౌకరి జేస్కుంట ఆడు.”

“బాయిల దిగి వచ్చినోని చేతులు క్యూ పడుతయా? నీ చేతులు నీకు ఎరుక లేదా?”

అవ్వ అందుకుంది. “నా కొడుకు బాయిల దిగుడు నాకద్దు. ఒక్క కాలు తీస్కున్నది సాలదా దానికి?”

“మల్ల ఏం తింటరే? చెన్నూరుకు పోయి మల్ల కూలి జేస్తరా? పిల్ల సదువేం గావాలె?” అన్నాడు బాపు.

నా చదువు మాట రాగానే అన్న నా వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు సుగుణా. నీ మాటైతె బాపు ఇంటడు.”

నిజమే, బాపు నా మాట వినేవాడు. నా కళ్ల ముందు ట్రైనింగు కాలేజీ ఉత్తరం ఉంది. చెన్నూరు పొలాల్లో మా చిన్నమ్మ కూతుళ్లు కలుపు తీయడమూ ఉంది. కంచంలో పప్పు వైపు చూస్తూ, “నౌకరి ఉంటే మంచిదే కదన్నా,” అన్నాను.

అన్న కంచంలోనే చేయి కడుక్కుని, “సరే బాపు. దరఖాస్తు పెట్టు,” అని లేచాడు.

అలా అన్న బాయికి వెళ్లాడు. అతనికి జత పడ్డవాడు మారుతి. భైంసా వైపు పత్తి పొలాలు వదిలి వచ్చినవాడు, అన్నకంటే ఐదారేళ్లు పెద్ద. భార్య గంగాబాయి, ఇద్దరు చిన్నపిల్లలు. మా వెనక వరసలో ఉండేవాళ్లు. తెలుగులో మరాఠీ కలిపి మాట్లాడేవాడు; అన్నను సోదరుడన్నట్టు దాసుభావు అని, అవ్వను పిన్ని అన్నట్టు మావ్‌శీ అని పిలిచేవాడు. మా ఇంటికి వస్తే గోడ మీది క్యూ వైపు దండం పెడుతున్నట్టు చేతులెత్తి, “మా దాసుభావు ఐద్రాబాద్ పోయి కప్పు తెస్తడు మావ్‌శీ, నేను గా కప్పుల చాయ్ తాగుత,” అని అవ్వను నవ్వించేవాడు. అవ్వ ఆ ఏడాది నవ్విందంటే మారుతి మాటలకే. అన్న పొద్దుటి షిఫ్టు చేసి, మధ్యాహ్నం ఇంటికి వచ్చి, వేడినీళ్లలో చేతులు నానబెట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే సాగదీసుకుని క్లబ్బుకు వెళ్లేవాడు. అరచేతిలో కాయలు లేవకుండా పార కర్రకు గుడ్డ చుట్టుకునేవాడు. పార పట్టి పట్టి కుడి మణికట్టు వాచేది. అవ్వ వావిలాకు కాచి కట్టేది.

సేన్ సాబ్ చెప్పిన కబురు నిజంగానే వచ్చింది. పోటీలకు నాలుగు రోజులుందనగా నేను సెలవులకు ఇంట్లో ఉన్నాను. ముందురోజు నూనె పట్టించిన క్యూను పొద్దున బాపు, నేను వరండాలో చాప మీద పెట్టుకుని తుడుస్తున్నాం. గుడ్డకు ఇంకా జిడ్డు అంటుతోంది. వేళ కాని వేళ బాయి సైరన్ మోగింది. కాలనీలో ఆ కూతకు అర్థం చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇళ్లలోంచి ఆడవాళ్లంతా పొయ్యి మీద ఏది ఉంటే అది వదిలి రోడ్డు మీదికి వచ్చారు. బాపు కుంటి కాలితో నాకంటే ముందు పరుగెత్తాడు. బాయి దగ్గర గేటు పట్టుకుని నిలబడ్డప్పుడు నా అరచేతులు ఇంకా నూనెతో జారుతున్నాయి. నా పక్కనే గంగాబాయి చంకలో పిల్లతో నిలబడి ఉంది. “ఏం గాలేదు, ఏం గాలేదు,” అని పిల్లకు చెబుతోంది.

బాయి లోపల పైకప్పు కూలింది. ముందు అన్నను పైకి తెచ్చారు. కుడిచేతికి గోనెపట్టా చుట్టి ఉంది. మారుతిని తీసేసరికి పొద్దు వాలింది. గంగాబాయిని ముఖం చూడనివ్వలేదు.

అన్న చేయి మణికట్టు పైన తీసేశారు. ఆస్పత్రిలో రెండు నెలలు ఉన్నాడు. ఆ రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఏడవలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. మారుతి శవం భైంసాకు పోయింది, వెంట భార్యాపిల్లలూ పోయారు, మళ్లీ రాలేదు. అన్నకు దీపాల గదిలో పని ఇచ్చారు. బాయిలో దిగేవాళ్లకు తలకు పెట్టుకునే దీపాలు కిటికీలోంచి ఎడమచేత్తో ఇవ్వడం, షిఫ్టు అయ్యాక తీసుకోవడం. దిగినవాళ్లు ఎందరు, పైకి వచ్చినవాళ్లు ఎందరు అని చూసుకోవడం కూడా అతని పనే.

బాపు అన్‌ఫిట్ అయి ఇంట్లోనే ఉండేవాడు. ఆదివారం గుడి నుంచి రాగానే గోడ మీంచి క్యూ దించి తుడవడం మానలేదు. ముందు ఏడాదికి రెండుసార్లు పట్టించే నూనె ఇప్పుడు నెలనెలా పట్టించేవాడు. నేను హాస్టల్లో ఉన్నాను కాబట్టి తన గరుకు చేతులతోనే రుద్దేవాడు. నేను ఇంటికి వచ్చిన ఒక ఆదివారం అన్న గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు.

“ఎవనికోసం బాపు?”

బాపు తల ఎత్తలేదు. “తుడువకపోతె పాడైతది బిడ్డా.”

“కానీయ్.”

“సేన్ సాబ్ ఇచ్చిన వస్తువు.”

“సేన్ సాబ్‌కే పంపు. పొయ్యిల వెట్టు. నా కండ్ల ముంగట మాత్రం తుడువకు బాపు. నీ కాల్మొక్కుత.”

బాపు చేయి ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది. అన్న వెళ్లిపోయాడు. తన తప్పుకు బాపు ఆ విధంగా శిక్ష వేసుకుంటున్నాడని నేననుకున్నాను. పోయిన చేయి గుర్తొచ్చి అన్న భరించలేకపోతున్నాడని కూడా అనుకున్నాను. ఆ తర్వాత ఆ ఇంట్లో వాళ్లిద్దరూ అవసరానికి మించి మాట్లాడుకోలేదు.

ఆ ఏడు ఎండాకాలం బాపు చుట్టాల చావుకు చెన్నూరు వెళ్లి రెండు రోజులు ఉన్నాడు. మొదటిరోజు పొద్దున నేను గుమ్మంలో బియ్యం చెరుగుతున్నాను. అన్న ఎడమచేత్తో క్యూ దించి, నా పక్కనుంచే బయటికి తీసుకెళ్లి, స్నానాల గది రేకు గోడకు ఏటవాలుగా ఆనించాడు. బకెట్లో నీళ్లు ముంచి దాని మీద కుమ్మరించాడు. తిరిగి వస్తూ నన్ను చూశాడు. నేనతన్ని చూశాను. ఏమీ అడగలేదు. చేట పక్కన పెట్టి ఐదడుగులు వేస్తే దాన్ని లోపలికి తేవచ్చు. ఆ రోజంతా, మరుసటి రోజంతా అది రేకుకు ఆని ఎండింది. నేను దాని పక్కనుంచే నీళ్లకు వెళ్లి వచ్చాను. అది పాడైపోతేనైనా ఇంట్లో కొంచెం నెమ్మది వస్తుందనుకున్నాను.

బాపు వచ్చాడు. ఖాళీ కొయ్యమేకులు చూశాడు. బయటికి వెళ్లి తెచ్చి, నేల మీద పెట్టి అరచేత్తో నెమ్మదిగా దొర్లించాడు. మంచి క్యూ నీటిలా దొర్లుతుంది. ఇది నడుమ లేస్తూ పడుతూ టకటకమని కొట్టుకుంది. రెండోసారి దొర్లించాడు. అదే చప్పుడు.

“ఎవలు వెట్టిండ్రు ఎండల?”

అన్న వరండాలోనే ఉన్నాడు. నేను నోరు తెరవలేదు. పొయ్యి దగ్గర నుంచి అవ్వ వచ్చి, “నేనే వెట్టిన. బూజు దులుపుదామని తీసిన, మర్శిన,” అంది. ఆమె ఆ క్యూను అప్పటిదాకా ఒక్కసారి కూడా ముట్టలేదు. ఆ సంగతి బాపుకు తెలుసు. “సరే తియ్,” అన్నాడు. మళ్లీ ఆదివారం వచ్చింది. గుడి నుంచి వచ్చి, చేతులు రెండుసార్లు కడుక్కుని, వాసన చూసుకుని, వంగిన క్యూను ఒళ్లో పెట్టుకుని తుడిచాడు. ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము పేరుకుని మంచం పట్టేదాకా, ఏళ్ల తరబడి, ఒక్క ఆదివారం తప్పలేదు. లేవలేని రోజుల్లో నన్ను పిలిచి తుడిపించి, వేళ్లతో తడిమి చూసుకునేవాడు. అన్న ఆ వేళకు బయటికి వెళ్లిపోయేవాడు. బాపు పోయాక కొన్నేళ్లకు ఆ కాలనీ కింద కూడా బొగ్గుందని తేలి క్వార్టర్లు ఖాళీ చేయించారు. సామాను లారీలో వేసినప్పుడు క్యూ ఏమైందో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

ఇప్పుడు అక్కడ క్లబ్బు లేదు, క్వార్టర్ల వరసలు లేవు. పైనుంచి నేలనంతా తవ్వేసిన ఓపెన్‌కాస్టు గని గొయ్యి ఉంది. అంచున నిలబడి చూస్తే మా వంటిల్లు ఎంత లోతున ఉండేదో లెక్కేయడానికి కూడా ఆధారం దొరకదు. మెట్‌పల్లి నుంచి తిరిగి వస్తున్న బస్సులో ఆ పార్లర్ అబ్బాయి మాట మీద నాకు వచ్చిన కోపం మెల్లగా పోయింది. వంగితే ఇంకోటి తెప్పించుకుంటారు. బాపు బతికి ఉంటే ఆ మాటకు బాధపడేవాడు. కానీ మేం ఒక్క వస్తువును అంత భద్రంగా, అంత కాలం కాపాడి ఏం బాగుపడ్డామో నాకు తోచలేదు. నాకు ఉద్యోగం వచ్చింది, పింఛను వస్తోంది, జ్వరం వస్తే చూసే పిల్లలున్నారు. అవన్నీ నేను కంచంలో పప్పు వైపు చూస్తూ పలికిన ఒక్క మాట మీద నిలబడ్డాయని అనిపించని రోజు లేదు. ఆ మాట అన్నకు ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆ వారమే మంచిర్యాల వెళ్లాను.

అన్న అక్కడ కొడుకు ఇంట్లో ఉంటాడు. వదిన పోయి మూడేళ్లయింది. ఎడమచేత్తోనే చాయ్ పెట్టి ఇచ్చాడు. కాసేపు వాళ్ల మాటా వీళ్ల మాటా అయ్యాక చెప్పేశాను.

“అన్నా, ఆనాడు నువ్వు నన్ను అడిగితె నౌకరి మంచిదన్న. నా సదువు కోసమే అన్న. నేను వద్దంటె బాపు ఆగేటోడు. నీ చెయ్యి ఉండేది.”

అతను నిజంగానే ఆలోచించాడు. “నువ్వేమన్నవో నాకు యాదికే లేదు సుగుణా.”

“కంచంల చెయ్యి కడుక్కొని లేచినవ్.”

“అయ్యుండొచ్చు. నువ్వు వద్దన్నా నేను పోయేటోన్ని. ఇంట్ల అన్నం లేకుంట ఎన్నొద్దులు ఆడుత? గది ఇడిసిపెట్టు.” కప్పు కింద పెట్టాడు. “మారుతి యాదున్నడా నీకు?”

ఉన్నాడన్నాను.

“బాయి లోపట ఒకలు పైకప్పు కింద బొగ్గు ఎత్తాలె, ఇంకొకలు ఇవతల టబ్బు కాడ ఉండాలె. ఒకరోజు వాడు, ఒకరోజు నేను. ఆ పొద్దు వంతు నాది. నా మణికట్టు వాచి ఉండె. నాలుగు రోజులల్ల ఐద్రాబాద్ పోవాలె. ‘మారుతీ, ఈ ఒక్క పొద్దు నువ్వు పో, నా చెయ్యి జర ఆగాలె,’ అన్న. ‘ఫికర్ నై దాసుభావు, కప్పుల చాయ్ మర్వకు,’ అని నవ్వుకుంట పోయిండు. పోయిన గంటకు కూలింది. గుంజుదామని ఉరికిన. ఇంకో పెళ్ల పడ్డది. చెయ్యి గట్ల పోయింది.”

అన్న కిటికీ బయటికి చూస్తూ చెబుతున్నాడు.

“బాపు ఒళ్లె గా క్యూ వెట్టుకొని తుడుస్తాంటె, మారుతి పీనుగను తుడుస్తున్నట్టు అనిపించేది నాకు.”

“బాపుకు చెప్పలేదా?”

“చెప్పలే. తప్పంత తనదే అనుకున్నడు. నన్ను తానే బాయిల దింపిననని కుమిలిండు. అనుకోనిచ్చిన. సచ్చేదాక అనుకోనిచ్చిన.”

వంటింట్లో కోడలు కుక్కర్ దించుతున్న చప్పుడైంది. నేనే అడిగాను, గంగాబాయి ఎక్కడుందో, బతికి ఉందో తెలుసా అని.

“భైంసలనే ఉన్నదట. కొడుకు దగ్గర,” అన్నాడు అన్న. “చెబుదామని మూడుసార్లు పోయిన. బస్టాండుల కూసొని చాయ్ తాగి, మల్ల గదే బస్సుకు వచ్చిన.”